ఇంట్లో చూసే మనిషి

పొద్దున్నే మామగారి బ్రష్ మీద పేస్టు పెట్టి ఇవ్వడం నాగలత రోజులో మొదటి పని. ఇది పెళ్లి మంత్రాల్లో లేదు, పెద్దలెవరూ కూర్చోబెట్టి చెప్పిందీ లేదు. నలభై నాలుగేళ్లు ఆ పని అత్తగారు సుబ్బరత్నం చేసింది. నాలుగేళ్ల కిందట ఆమె మోకాళ్లు అరిగిపోయి మంచం దిగడమే కష్టమైపోయినప్పుడు, ఒకరోజు మామగారు వెంకటప్పయ్య ఉత్త బ్రష్ పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. బ్రష్ ముందుకు చాపాడు, అంతే. నాగలత ఒక చేత్తో పాలు పొంగకుండా స్టవ్ తగ్గించి, ఆ తర్వాత ఆయనకి పేస్టు పిండింది. ఆ పూట ఎందుకు పిండావే పిచ్చిదానా అని తర్వాత తనను తాను ఎన్నిసార్లు తిట్టుకుందో. ఒకసారి పిండితే తీరిపోయే పనా అది? పేస్టు వెనకాలే వేడినీళ్లు వచ్చాయి, వేడినీళ్ల వెనకాల తువ్వాలు, తువ్వాలు వెనకాల ఇస్త్రీ చొక్కా, చివరికి ఆ చొక్కాకి పై గుండీ. అప్పటికి ఆయనకి ఏ జబ్బూ లేదు. అరవై ఎనిమిదేళ్ల మనిషి, చండ్రుగొండ పక్కనున్న పామాయిల్ తోటంతా రోజూ కాళ్లతో చుట్టి వచ్చేవాడు.

నాగలత చదివింది ఫిజియోథెరపీ. కొత్తగూడెం నుంచి భద్రాచలం పోయే దారిలో, అడవి దగ్గరపడే చోట ఉన్న ఒక దవాఖానాలో పదకొండేళ్లుగా ఉద్యోగం చేస్తోంది. వయసు మళ్లినవాళ్లు దవాఖానాలో చేరితే, ఏ పని వాళ్లంతట వాళ్లు చేసుకోగలరో, ఏది మళ్లీ నేర్పాలో, ఎన్నాళ్లు నేర్పాలో చూసి రాయడం ఆమె పని. అందుకో నాలుగు పేజీల కాగితం ఉంది. మంచం దిగడం, పళ్లు తోముకోవడం, స్నానం, బట్టలు, తిండి, మెట్లు, ఇలా వరసలు. ఒక్కో వరసకి రెండు గడులు. ఒకటి జబ్బుకి ముందు ఎలా ఉండేదని, రెండోది ఇప్పుడెలా ఉందని. ముందు ఎలా ఉండేవాడో తెలిస్తేనే గదా మనిషిని ఎక్కడిదాకా తిరిగి తీసుకెళ్లాలో తెలిసేది.

కొన్ని వేల కాగితాలు నింపాక నాగలతకి ఏ పుస్తకంలోనూ లేని సంగతి ఒకటి తెలిసింది. జబ్బుకి ముందు స్నానానికి నీళ్లు మీరే పెట్టుకునేవారా అని మగవాళ్లను అడిగితే, వాళ్లు కాసేపు ప్రశ్న అర్థం కానట్టు చూసి పెళ్లాం వైపు తిరుగుతారు. నేనే పెట్టేదాన్నని పెళ్లాం చెబుతుంది. తువ్వాలు? అదీ నేనే. కంచంలో అన్నం? మరి ఎవరు పెడతరమ్మా అని ఆమే ఎదురు అడుగుతుంది. బొగ్గు గనుల్లో ముప్పై ఏళ్లు దిగి ఎక్కినవాళ్లు, అరక దున్నినవాళ్లు, కాగితం మీద మాత్రం పుట్టిన దగ్గర్నుంచీ సాయం కావలసిన రోగులే. ఆడవాళ్ల గడి అలా ఉండదు. మొన్న అడవి లోపలి ఊరి నుంచి తుంటి విరిగి వచ్చిన జంపక్కని అడిగితే, అన్నీ నేనే అని, అడగని వాటిని కూడా చెప్పింది. కట్టెలు, వాగు నీళ్లు, ఎండాకాలం ఇప్పపువ్వు ఏరడం. వంగి ఏరేటట్టు చెయ్యి బిడ్డా, మిగతాది నేను చూసుకుంట అంది.

జంపక్కలాంటి వాళ్ల కోసమే ఈ సోమవారం నుంచి దవాఖానాలో ఎనిమిది మంచాల కొత్త వార్డు తెరుస్తున్నారు. అరవై దాటినవాళ్లను మూడు వారాలుంచి, తమ పనులు తాము చేసుకునేలా తయారుచేసి పంపే వార్డు. రెండేళ్లు సూపరింటెండెంటు రవికుమార్ చుట్టూ తిరిగి ఆయన్ని ఒప్పించింది నాగలతే. ఇన్‌చార్జిగా ఆమె పేరే అనుకున్నారు, శనివారంలోగా ఒప్పుకుంటున్నట్టు సంతకం పెడితే చాలు. ఆ వార్డుకి షరతు రాసింది కూడా ఆమే. ఇంట్లో చూసే మనిషి ఉన్నవాళ్లకి వ్యాయామాల కాగితం ఇచ్చి పంపేయాలి, ఎవరూ లేనివాళ్లకే మంచం. న్యాయంగానే రాశాననుకుంది. ఆ షరతు తిరిగి తిరిగి తన గుమ్మంలోకే వస్తుందని ఆమెకి తట్టలేదు.

పది రోజుల కిందట తోటలో గెలలు కోయిస్తూ కోయిస్తూ వెంకటప్పయ్య కూలబడ్డాడు. ఎడమ చెయ్యీ ఎడమ కాలూ పడిపోయాయి. మాటకి ఏమీ కాలేదు, కుడిచెయ్యి నిక్షేపంలా ఉంది. సొంత ఇంటివాళ్లని తామే పరీక్ష చేసి రాయకూడదని దవాఖానాలో నియమం కాబట్టి ఆయన్ని నజియాకి అప్పజెప్పారు. నజియాకి ఇరవై ఏడేళ్లు. కారేపల్లి టైలరు జానీ మియా కూతురు, దవాఖానా దగ్గర్లోనే ఇల్లు కిరాయికి తీసుకుని ఉంటారు. మూడేళ్లుగా నాగలత చేతి కిందే పని నేర్చుకుంది. మనిషి తూలితే తన మోకాలు ఎక్కడ అడ్డం పెట్టాలో ఆ పిల్లకి చూపించింది నాగలతే.

గురువారం పొద్దున ఏడున్నరకి నాగలత ఇడ్లీ డబ్బాతో వార్డుకి వచ్చింది. వరండాలో కుళాయి దగ్గరే బ్రష్ తడిపి పేస్టు పెట్టి పట్టుకొచ్చింది, అలవాటు అలాంటిది. తెర సగం వేసి ఉంది. లోపల మామగారు మంచం అంచున కాళ్లు కిందికి పెట్టి కూర్చుని ఉన్నాడు. ఎదురుగా బల్ల మీద ఒక బ్రష్ పడుకోబెట్టి ఉంది, దవాఖానాలో ఇచ్చింది. ఆయన ట్యూబు మూతని పళ్లతో తిప్పి తీశాడు. కుడిచేత్తో ట్యూబు వంచి, నాలుక బయటపెట్టి, బడిపిల్లాడు అక్షరం దిద్దినంత శ్రద్ధగా బ్రష్ మీద పేస్టు పిండాడు. కొంచెం బల్ల మీద పడింది. నజియా చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"నేను ముట్ట పెద్దాయనా. మీ చెయ్యే, మీ పండ్లే. కానియ్యండి," అంటోంది.

ఆయన బ్రష్ పైకెత్తి చూపించి నవ్వాడు. "చూసినవా డాక్టరమ్మా, ఎట్ల పెట్టిన్నో."

నాగలత తెర ఇవతలే ఆగిపోయింది. ఆమె చేతిలో ఇంకో బ్రష్ ఉంది, దాని మీద పేస్టు ఉంది. దాన్ని విసిరికొట్టాలనిపించింది. ఆ కసికి వేరే పేరేదైనా పెట్టుకుందామని చూసింది. నిద్ర చాలలేదనుకుంది, ఇడ్లీలు చల్లారిపోతున్నాయన్న చిరాకు అనుకుంది. కాదు, అది ఈర్ష్యే, అచ్చమైన ఈర్ష్య. పదహారేళ్లుగా ఆ ఇంట్లో ఉంది, ఆ నవ్వు ఒక్కసారి తన వైపు తిరగలేదు. డాక్టరమ్మట! తన పట్టా హాల్లో గోడకి తగిలించి ఉంటే, చొక్కా విప్పి ఆ మేకుకే వేసేవాడు ఈయన. తనను పిలిచేది ఏమ్మాయ్ అని. నజియా చేసిందేమిటి? చేతులు కట్టుకుని నిలబడింది. ఆ నిలబడటం నేర్పింది తనే. రోగి పనిని మన చేత్తో లాక్కోకూడదు, ఎంత ఆలస్యమైనా ఆగాలి అని మూడేళ్ల కిందట ఇదే వార్డులో చెప్పింది. ఈ పిల్ల ఇరవై నిమిషాలు చేతులు కట్టుకుంటే నవ్వులూ గౌరవాలూ దక్కాయి, నాలుగేళ్లు చేతులు కట్టుకోకుండా చేసిన తనకి ఏమ్మాయ్ దక్కింది.

గోడవార బెంచీ మీద సుబ్బరత్నం కూర్చుని ఉంది. ఆమె కూడా అటే చూస్తోంది. కోడలు వచ్చి పక్కన కూర్చుంటే తల తిప్పలేదు. ఆమెకి చికున్‌గున్యా వచ్చి కీళ్లన్నీ బిగుసుకుపోయిన ఏడాది కూడా మంచం మీదే కూర్చుని, రెండు అరచేతుల మధ్య ట్యూబు నొక్కి మొగుడికి పేస్టు పెట్టిచ్చేదని ఇంట్లో గొప్పగా చెప్పుకుంటారు. ఆ కథ చెప్పేటప్పుడు సుబ్బరత్నం ముఖంలో కొంచెం గర్వం కూడా ఉండేది. ఇప్పుడా ముఖంలో ఉన్నది నాగలతకి బాగా తెలిసిన రంగే. తన ముఖం అద్దంలో చూసుకోకపోయినా అలాగే ఉండి ఉంటుందని ఆమెకి తెలుసు.

"నిన్న గుండీలు గూడ పెట్టుకుండు, ఒంటి చేత్తో," అంది సుబ్బరత్నం మెల్లగా. "చేతనైతదన్నమాట."

నజియా తెర తీసుకుని బయటికి వచ్చి, నవ్వి, పక్క మంచానికి వెళ్లిపోయింది. ఆమె అటు తిరగ్గానే వెంకటప్పయ్య దిండు మీదికి ఒరిగాడు. కోడల్ని చూశాడు, డబ్బాని చూశాడు, నోరు తెరిచాడు. కుడిచెయ్యి ఛాతీ మీద హాయిగా విశ్రాంతి తీసుకుంటోంది. ఏమ్మాయ్, ఇడ్లీ అన్నాడు.

నాగలత తినిపించింది. అందులో సిగ్గుపడాల్సిందంతా ఆమెకి తెలుసు. ఒక్కో ముద్దా ఆయనకి చెరుపు చేస్తోందని వార్డులో అందరికన్నా బాగా తెలిసింది ఆమెకే. కానీ పక్క మంచాలవాళ్లు చూస్తున్నారు, మామని ఎంత బాగా చూసుకుంటున్నదో అని ఒకావిడ పైకే అంది, అత్త పక్కనే ఉంది. నాలుగు ఇడ్లీలూ అయ్యాక మూతి తుడిచింది. ఆ తర్వాత కుళాయి దగ్గరికి వెళ్లి, పేస్టు ఎండిపోయిన ఆ బ్రష్‌ని కడిగి సంచీలో పడేసుకుంది.

ఆ సాయంత్రం కారులో నాగలత భర్త వెంకటకృష్ణ సంతోషంగా ఉన్నాడు. చండ్రుగొండలో ఎరువుల దుకాణం ఆయనది, మందు ఏ పంటకి ఎంత కొట్టాలో ధీమాగా చెప్పే గొంతుతోనే ఇంటి సంగతులు కూడా చెబుతాడు. శనివారం నాన్నను ఇంటికి పంపేస్తారట, ఇంట్లో ఫిజియో ఉండగా బయటోళ్లెందుకు అన్నాడు. ఇన్నాళ్లకి నీ చదువు ఇంటికి పనికొచ్చింది అన్నాడు. ఆ మాట మెచ్చుకోలుగానే అన్నాడు పాపం, కావాలంటే ఆయన ముఖం చూడండి, పెళ్లానికి పెద్ద బహుమతి ఇచ్చినంత వెలుగు. మరి వార్డు సంగతి ఏమిటని నాగలత అడిగితే, అదెంతసేపు, ఆ నజియాకి ఇచ్చెయ్యమను, దానికేముంది ఇల్లా వాకిలా, నువ్వు ఒక ఆర్నెల్లు సెలవు పెట్టు అన్నాడు.

ఆర్నెల్లు. కూతురు సాహిత్య పుట్టినప్పుడు కూడా ఆర్నెల్లే అన్నారు. ఆ ఆర్నెల్లు మూడేళ్లు నడిచాయి. కిటికీలోంచి అడవి వెనక్కి పోతూ ఉంటే నాగలతకి ఇల్లా వాకిలా అన్న మాటే చెవిలో మోగుతూ ఉంది. ఇల్లూ వాకిలీ లేకపోవడం అంత హాయి అని ముందే ఎవరూ చెప్పలేదే. ఐదింటికి కోటు విప్పి మేకుకి తగిలిస్తే ఆ పిల్ల పని అయిపోతుంది. తను వేసిన దారిలో, తను రెండేళ్లు కాళ్లరిగేలా తిరిగి తెచ్చిన వార్డులో, ఆ పిల్ల చేతులు కట్టుకుని నిలబడుతుంది. తను ఇంట్లో నిలబడి పేస్టు పిండుతుంది.

భోజనాల దగ్గర కూర గిన్నె వెంకటకృష్ణ చేతికి అందేంత దూరంలోనే ఉంది. అయినా ఆయన కంచం వైపే చూస్తూ, కూర అన్నాడు. వడ్డిస్తూ నాగలత మనసులో కాగితం నింపింది. వయసు నలభై మూడు. జబ్బు ఏదీ లేదు. తిండి, సాయంతో. మంచినీళ్లు, అందించాలి. బట్టలు, వెతికి మంచం మీద పెట్టాలి. ఇంటికి పంపవచ్చు, చూసే మనిషి ఉంది. ఆమెకి నవ్వొచ్చింది, ఏంది అని ఆయన అడిగాడు, ఏం లేదంది.

శుక్రవారమంతా ఆమె బుద్ధి బాగా లేదు. నజియా ఒక ముసలాయనకి నడుం పట్టీ కట్టి నడిపిస్తుంటే, పట్టీ వదులుగా ఉంది, మూడేళ్లయినా రాలేదా అని అందరి ముందూ గట్టిగా అంది. వదులుగా లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. నజియా తల ఊపి, పట్టీ విప్పి మళ్లీ అలాగే కట్టింది. ఆ ఓర్పు చూసి నాగలతకి ఇంకా మండింది. జంపక్క మీద కూడా మండింది, చెప్పుకుంటే నవ్విపోతారు. సోమవారం నుంచి జంపక్కకి కిటికీ పక్క మంచం, మూడు వారాలు. అడిగినవాళ్లకి నాకెవరు లేరు అని ఎంత తేలిగ్గా చెబుతుందో ఆ ముసలిది. ఆ మాటకి ఎదుటివాళ్లు జాలిపడతారు, నాగలతకి మాత్రం ఆ రోజు ఆ మాట తీయగా వినిపించింది.

శనివారం పదింటికి రవికుమార్ గదిలో కాగితాలు చూడటం. వెంకటప్పయ్య కాగితం మూడోది. సూపరింటెండెంటు చదువుతుంటే నాగలత వింది. జబ్బుకి ముందు, పళ్లు తోముకోవడం సాయంతో, స్నానం సాయంతో, బట్టలు సాయంతో, తిండి వడ్డించాలి. ఇప్పుడు, పక్కన మనిషి నిలబడాలి కాబట్టి అన్నీ సాయంతో. జబ్బుకి ముందు ఉన్న స్థితికి తీసుకెళ్లడమే లక్ష్యం అయితే, ఆయన ఆ స్థితికి ముప్పాతిక వంతు చేరుకున్నట్టే. మిగిలింది కాలు ఒకటి. ఇంట్లో చూసే మనిషి అన్న వరసలో నజియా ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. ఉంది. నాగలత, కోడలు, ఫిజియోథెరపిస్టు.

ఇంతకన్నా మంచి ఇల్లు ఏ పేషెంటుకుంటదమ్మా అని రవికుమార్ నవ్వాడు. చెడ్డ మనిషి కాడు ఆయన. ఇంటి తరఫున నువ్వు సంతకం పెడితే మధ్యాహ్నానికే పంపేద్దాం అన్నాడు. లేస్తూ లేస్తూ ఇంకో మాట అన్నాడు.

"మీ ఆయన నిన్న ఫోన్ చేసిండు. సెలవు సంగతి చెప్పిండు. వార్డు నజియా చూస్తదిలే, నువ్వేం ఫికర్ పెట్టుకోకు."

నాగలత కాగితం తీసుకుని బయటికి వచ్చింది. ముందు తనకి చెప్పకుండా, తన ఉద్యోగం గురించి ఇద్దరు మగవాళ్లు ఫోన్లో మాట్లాడుకుని తేల్చేసుకున్నారు. కోపం వాళ్ల మీద రావాలి. వచ్చింది మాత్రం నజియా మీదే, దగ్గర్లో దొరికేది ఆ పిల్లే కాబట్టి. వ్యాయామాల గదిలో మెట్లు తుడుస్తున్న నజియా దగ్గరికి వెళ్లి, కాగితం ముఖం ముందు పెట్టింది.

"ఇన్‌చార్జి కావాలంటే నన్నే అడగొచ్చు గదా. గిట్ల రాసి పంపాల్నా నన్ను?"

నజియా గుడ్డ పక్కన పెట్టింది. "ప్రతి గడీ ఆయన్ని అడిగే రాసిన లతక్కా. స్నానం ఎట్ల అంటే కోడలు నీళ్లు పెడతది అన్నడు, చొక్కా అంటే కోడలు గుండీ పెడతది అన్నడు. ఈయనకు పక్షవాతం ఎప్పట్నుంచో అని నాకే డౌటొచ్చింది."

"మరి ఈ గడి? చూసే మనిషి నేనని రాసినవే. నన్ను అడిగినవా?"

"అడగలే," అంది నజియా. "మీరెప్పుడు అడిగిండ్రు లతక్కా? ఇంట్లో కోడలుంటే, ఉంది అని రాసెయ్ అని చెప్పింది మీరే గదా."

నజియా ఇంకేదో అంటోంది. నాలుగింటికి లేచి అబ్బాజాన్‌కీ తమ్ముళ్లిద్దరికీ వండి పెట్టి వస్తానని, వార్డు తనకు అక్కర్లేదని, అయినా ఎవరూ తననేమీ అడగలేదని. నాగలత సగమే వింది. పదకొండేళ్ల కాగితాలు ఆమె కళ్ల ముందు తిరుగుతున్నాయి. మంచం పక్కన సంచీ పట్టుకుని నిలబడే ఆడపిల్లలు. పెనుబల్లి నుంచి వచ్చిన గర్భిణి ఒకామె గుర్తొచ్చింది, మామకి తుంటి ఆపరేషన్ అయ్యింది, ఆమె నిలబడలేక మంచం కోడు పట్టుకుంది. నాగలత రోగినే చూసింది. రోగి ఏం చేసుకోగలడో వంద ప్రశ్నలు అడిగి, ఆఖరి వరసలో కోడలుంది అని రాసేసింది. పేరు కూడా అడగలేదు. చేతికర్ర ఉంది, మంచం ఉంది, కోడలుంది. వేల మందిని అలా రాసిన చెయ్యే ఇది. నజియా తన పేరైనా రాసింది.

క్షమించమని నజియాని అడగాలనుకుంది. పట్టీ వదులుగా లేదు నిన్న అని మాత్రం అంది. తెలుసు అంది నజియా.

నాగలత తిన్నగా ఆఫీసుకి వెళ్లి ఇన్‌చార్జి కాగితం అడిగి తీసుకుంది, సంతకం పెట్టింది, గుమస్తా నాని చేతిలో పెట్టింది. సెలవన్నారు గదమ్మా అని నాని అంటే, అన్నది నేను కాదు గదా అంది. మాట ఇంత తేలిగ్గా వస్తుందనుకోలేదు. అక్కడి నుంచి వార్డుకి వెళ్లింది. వెంకటకృష్ణ అప్పటికే సంచులు సర్ది, కారు గేటు దగ్గరికి తేవడానికి వెళ్లాడట. మంచం మీద మామగారు ఇంటి చొక్కా వేసుకుని కూర్చుని ఉన్నాడు. గుండీలు పెట్టలేదు. నజియా లేదు గదా, ఎందుకు పెట్టుకుంటాడు?

బెంచీ మీద అత్తగారి పక్కన కూర్చుని నాగలత కాగితం ఒళ్లో పరుచుకుంది. చూసే మనిషి అన్న వరస దగ్గర పెన్ను ఆపింది, పరీక్షతో పని లేకుండా ఇంటివాళ్లు చెప్పాల్సిన వరస అది. అబద్ధం రాయడం ఆమెకి చేతకాదు. అందుకని ఇంట్లో ఒక్కొక్కళ్లనీ తనే అడిగి చూసుకుంది. సాహిత్య పిల్ల, బడికి పోతుంది. అత్తయ్య మంచం దిగాలంటే ఆమెకే ఒకరు చెయ్యి ఇవ్వాలి. వెంకటకృష్ణ పేరు రాద్దామా అనిపించింది, కానీ ఆ మనిషి కాగితం మొన్న నింపింది గదా, ఆయనకే ఒక మనిషి కావాలి. మిగిలింది నాగలత. నాగలతా, నువ్వు చూడగలవా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పేది? పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు వరకు నేను ఇంట్లో ఉండను, ఎనిమిది మంచాలున్నాయి అని చెప్పేది. ఆ ఎనిమిదిలో ఇంకా రెండు ఖాళీగా ఉన్నాయి.

నజియా రాసిన ముత్యాల అక్షరాల మీద ఒక గీత గీసింది. దాని పక్కన, తన వంకర టింకర అక్షరాలతో, ఎవరూ లేరు అని రాసింది. నజియా మీద ఈర్ష్య పోయిందా అంటే, పోలేదు. సోమవారం పొద్దున ఆ బల్ల ముందు చేతులు కట్టుకుని తనే నిలబడుతుంది. ఆ నవ్వు తనకీ కావాలి. నవ్వకపోతే పోనీ, పేస్టు మాత్రం ఆయనే పెట్టుకోవాలి.

"ఏమ్మాయ్," అన్నాడు వెంకటప్పయ్య మంచం మీంచి. "గుండీ."

నాగలత లేవలేదు. పక్కన సుబ్బరత్నం లేవబోయింది, ఆ లేవడం ఆమెది కాదు, నలభై ఎనిమిదేళ్ల అలవాటుది. మోకాలు నొప్పికి సగంలోనే ఆగి, మళ్లీ కూర్చుంది. అప్పుడు ఆమె కళ్లు కోడలి ఒళ్లో కాగితం మీద పడ్డాయి. అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది ఆమె. వేలు పెట్టి గీత కొట్టిన చోటు చదివింది, గీత పక్కన రాసింది చదివింది. మళ్లీ చదివింది.

"నా పేరు గూడ రాయలేదా?"

"రాయలేదత్తయ్యా."

సుబ్బరత్నం కాగితాన్ని తన ఒళ్లోకి లాక్కుంది. కోప్పడుతుందనుకుంది నాగలత. మొగుడికి తను ఉండగా ఎవరూ లేరని రాస్తావా అని బెంచీ మీదే ఏడుస్తుందేమో అనుకుంది. ఏడవలేదు. కింద కుటుంబ సభ్యుల సంతకం అని ఉన్న చోటు వేలితో తడిమి, పెన్ను ఇటియ్యి అంది. సంతకం చెయ్యడం ఒక్కటే ఆమెకి వచ్చిన రాత. సున్నా గుండ్రంగా వచ్చేలా, తొందరపడకుండా, పూర్తిగా రాసింది.

"ఏమ్మాయ్," అని మంచం మీంచి ఇంకోసారి వినిపించింది. "ఎవరన్న రాండే. గుండీ."

సుబ్బరత్నం పెన్ను మూత బిగించి కోడలికి ఇచ్చింది. తల మాత్రం ఎత్తలేదు.

"ఎవరు లేరండి," అంది.